దించిన కొయ్యను నిలువబెట్టుడి

మూలవాక్యము: యెషయా 33:23



బరంపురములోను, షోలాపూరులోను, బెంగుళూరులోను, చెన్నైలోను, యానాములోను, మరి అనేక స్థలములలోను తెలుగులో ప్రభువును ఆరాధించుచున్న మీ అందరి కొరకు దేవుని స్తుతించుచున్నాము.

ఈ పర్యాయము మేము ధ్యానమునకు తీసికొనిన వాక్యము ప్రసంగ పీఠము మీదినుండి తరచుగా వినబడునది కాదు. యెషయా ప్రవక్త ఒక ఓడను మన కన్నుల యెదుట నిలుపుచున్నాడు. దాని త్రాళ్లు సడలిపోయినవి. దాని కొయ్య అడుగు గట్టిగా నిలువలేదు. దాని తెరచాప విచ్చుకొనలేదు. ఇది శత్రువుల ఓడయని కొందరు వ్యాఖ్యాతలు చెప్పుదురు. సీయోను పట్టణమే ఆ దినములలో అట్టి ఓడవలె ఉండెనని మరికొందరు చెప్పుదురు. ఎవరి ఓడయైనను దాని స్థితి ఒక్కటే. నీళ్లున్నవి, గాలి ఉన్నది, ఓడ ఉన్నది. ప్రయాణము మాత్రము లేదు.

తెరచాపను మోయు నిలువు మ్రానును మన బైబిలు ఓడకొయ్య అనుచున్నది. గోపాలపురము, పూరీ సముద్రతీరములలో స్థిరపడిన మన తెలుగు జాలరి కుటుంబముల పెద్దలకు ఈ మాట వివరింపనక్కరలేదు. కోలారు గనుల ప్రాంతములోనో షోలాపూరు మిల్లుల చెంతనో పెరిగిన బిడ్డలకు వివరింపవలెను. గాలిని పట్టునది తెరచాప. తెరచాపను ఎత్తి పట్టునది కొయ్య. కొయ్య పడియున్న యెడల తెరచాప యెంత మంచిదైనను మూట కట్టిన గుడ్డయే.

ఇప్పుడు చిన్న తెరచాప పడవల సంగతి చూడుడి. ఒక చెరువునుండి మరియొక చెరువునకు, ఒక రేవునుండి మరియొక రేవునకు వీటిని ట్రైలరు మీద పెట్టి రోడ్డు మార్గమున తీసికొని పోవుదురు. 20 అడుగుల పడవకు కొయ్య 25 అడుగులకు మించియుండవచ్చును. దానిని నిలువుగా ఉంచి రోడ్డు మీద పోవుట అసాధ్యము. వంతెనలు తగులును, విద్యుత్తు తీగలు తగులును. కాబట్టి కొయ్యను దించి, పడవ మీదనే పండుకొనబెట్టి, కట్టి, మోసికొని పోయి, నీళ్ల యొద్ద మరల నిలువబెట్టుదురు. దించుట, మోయుట, నిలుపుట. ఈ మూడింటిలో మన సంఘముల చరిత్ర అంతయు ఉన్నది.

దించుట అవమానము కాదు

ఇంగ్లాండు దేశములోని నార్ఫోక్ ప్రాంతములో నదుల మీద తిరిగిన పాతకాలపు సరుకు పడవలు కొన్ని ఉన్నవి. 1898లో కట్టబడిన ఆల్బియన్ అను పడవ నేటికిని భద్రపరచబడియున్నది. ఆ నదుల మీద వంతెనలు తక్కువ యెత్తున ఉండును. వంతెన రాగానే పడవవాడు కొయ్యను వెనుకకు వంచి దించును. వంతెన దాటగానే మరల లేపును. అంత పెద్ద కొయ్యను అంత సులువుగా లేపుట ఎట్లు సాధ్యమైనది? కొయ్య అడుగున గొప్ప బరువుగల సీసము అమర్చబడియున్నది. పైభాగమును క్రింది బరువు సరితూచును. చూచువారికి కొయ్య కనబడును. సీసము కనబడదు. కాని లేపునది ఆ కనబడని బరువే.

ప్రియులారా, మన పితరులు స్వగ్రామములు విడిచి వచ్చినప్పుడు వారు కూడ వంతెన క్రింద నుండి పోవుచున్న పడవలవలె తల వంచి వచ్చిరి. కరవు వంచినది. అప్పు వంచినది. గనిలోను, మిల్లులోను, రైల్వేలోను, ఇతరుల యిండ్లలోను పని వెదకుట వంచినది. తెలియని భాష మధ్య నోరు మెదపలేని దినములుండెను. అట్టి దినములలో గుడి లేదు, పాస్టరు లేడు, గంట లేదు. దానిని ఎవరును విశ్వాసభ్రష్టత అని పిలువకూడదు. వంతెన క్రింద కొయ్యను దించని పడవ వంతెన దాటదు. అయితే వంతెన దాటిన తరువాత కూడ కొయ్యను పండుకొనబెట్టియే ఉంచిన యెడల అది వేరు సంగతి.

మోయుటలో చిన్న వస్తువులు

కొయ్యను మోయువారు దానిని రెండు మూడు చోట్ల ఆనికల మీద ఉంచి, ఆనిక తగులు చోట మెత్తని గుడ్డలు చుట్టి, కదలకుండ కట్టుదురు. దానిని పట్టు తీగ త్రాళ్లను విడిగా వ్రేలాడనియ్యక కొయ్యకే చేర్చి కట్టుదురు. వెనుకకు పొడుచుకొని వచ్చిన చివరకు ఎఱ్ఱగుడ్డ కట్టుదురు. కొంతదూరము పోయిన తరువాత బండి ఆపి, కట్లు సడలినవేమోయని చేతితో తాకి చూతురు. అన్నిటికంటె ముఖ్యముగా చీలలను ఒక సంచిలో వేసి జాగ్రత్తగా ఉంచుదురు. వ్రేలెడు పొడవు కూడ లేని ఒక చీల పోయిన యెడల 25 అడుగుల కొయ్య రేవు యొద్ద పండుకొనియే ఉండును.

ఇశ్రాయేలీయుల అరణ్య ప్రయాణములో ప్రత్యక్షగుడారమును మోయుట కూడ ఇట్టిదే. సంఖ్యాకాండము 4వ అధ్యాయములో మెరారీయులకు అప్పగింపబడిన బరువు ఏమి? పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభములు, వాటి దిమ్మలు, మేకులు, త్రాళ్లు. ఆ పనికి 30 ఏండ్లు మొదలుకొని 50 ఏండ్లవరకు వయస్సుగలవారు 3,200 మంది లెక్కింపబడిరి. వారు మోయవలసిన వస్తువులను పేళ్ల వరుసను లెక్కించి అప్పగించవలెనని దేవుడు ఆజ్ఞాపించెను. మేకునకు కూడ లెక్క ఉన్నది! బరువు ఎక్కువ గనుక 7వ అధ్యాయములో మెరారీయులకు 4 బండ్లును 8 ఎద్దులును ఇయ్యబడెను. గెర్షోనీయులకు 2 బండ్లు, 4 ఎద్దులు. దేవుడు బరువు తెలియనివాడు కాడు.

ఆంగ్ల భాషలో ఒక విశేషమున్నది. దించి లేపుటకు వీలుగా కొయ్య అడుగును పట్టియుంచు గూటికి పడవవారు పెట్టిన పేరు టాబర్నకిల్. ఆంగ్ల బైబిలులో ప్రత్యక్షగుడారమునకు వాడబడిన మాటయు అదే. దిగుటకును లేచుటకును తగినట్లు చేయబడినది ఆ గుడారము. మన సంఘములును అట్టివే.

మన పితరులు ఏమి మోసికొని వచ్చిరి? బైబిలు తెచ్చిరి, కీర్తనల పుస్తకము తెచ్చిరి, ఆదివారమును తెచ్చిరి. అవి పెద్ద వస్తువులు. కాని చీలలు కూడ తెచ్చిరి. సంధ్యవేళ యింటిలో దీపము పెట్టిన తరువాత తండ్రి చదివిన అధ్యాయము ఒక చీల. జీతము వచ్చిన దినమున మొదట కానుకను వేరుగా తీసి పెట్టిన తల్లి చెయ్యి ఒక చీల. ప్రొరుగింటివారితో మాట పడిన దినమున ప్రభువు బల్ల యొద్దకు పోకముందు పోయి సమాధానపడుట ఒక చీల. మన యిండ్లలో పెద్ద వస్తువులు నేటికిని కనబడుచున్నవి. చీలల సంచి ఎక్కడ ఉన్నది?

అడుగున ఏమి ఉన్నది?

నిలుపుటలో మొదటి పని అడుగును కూర్చుండబెట్టుట. కొయ్య అడుగు తన గూటిలో సరిగా కూర్చుండి, బందుచీల పడిన తరువాతనే పైభాగమును లేపుదురు. అడుగు జారిన యెడల లేపువారి మీదనే కొయ్య పడును. యెషయా చూచిన ఓడలో ఈ అడుగే గట్టిగా లేదు.

1962లో లండను పట్టణమున థేమ్సు నదిలో బ్లాక్‌ఫ్రయర్సు అను చోట రోమా కాలపు ఓడ ఒకటి బయటపడెను. దాని కొయ్య అడుగు కూర్చుండు గుంటలో ఒక కంచు నాణెము దొరికెను. అది దొమితియను చక్రవర్తి నాణెము. క్రీ.శ. 88, 89 సంవత్సరముల ప్రాంతమున ముద్రింపబడినది. ఒక వైపున చక్రవర్తి తల, మరియొక వైపున చుక్కాని పట్టుకొనిన ఫార్చ్యూనా, అనగా అదృష్టదేవత. ఆ దేవత వైపు పైకి ఉండునట్లు నాణెమును పెట్టి, దాని మీద కొయ్యను నిలిపిరి. అదృష్టము ఓడను కాపాడునని వారి నమ్మకము. ఆ ఓడ రాళ్ల బరువుతో ఆ నదిలోనే మునిగిపోయెను. ఈ దొమితియను కాలములోనే యోహాను పత్మసు ద్వీపమునకు పంపబడెనని సంఘ పారంపర్యము చెప్పుచున్నది.

ఇప్పుడు ప్రత్యక్షగుడారపు పలకల అడుగున ఏమి ఉన్నదో చూడుడి. అక్కడను లోహమే ఉన్నది. వెండి దిమ్మలు. ఆ వెండి ఎక్కడిది? నిర్గమకాండము 30, 38 అధ్యాయములు చదువుడి. లెక్కింపబడిన ప్రతి పురుషుడు తన ప్రాణమునకు విమోచన వెలగా ఇచ్చిన అరతులము వెండి అది. ధనవంతుడు ఎక్కువ ఇయ్యకూడదు, బీదవాడు తక్కువ ఇయ్యకూడదు. 6,03,550 మంది ఇచ్చిన ఆ వెండిలో 100 తలాంతులతో 100 దిమ్మలు పోతపోయబడెను. లోకపు ఓడకొయ్య అదృష్టము మీద నిలిచెను. దేవుని గుడారము విమోచన వెల మీద నిలిచెను. మన విమోచన వెల వెండి కాదనియు, నిష్కళంకమైన క్రీస్తు రక్తమనియు పేతురు తన మొదటి పత్రిక 1వ అధ్యాయములో తేటగా వ్రాసెను.

ప్రియులారా, మన సంఘము అడుగున ఏమి ఉన్నదో ఎవరికి వారు వంగి చూడవలెను. మన జిల్లావారు, మన యింటిపేరువారు, మన పాలెమునుండి వచ్చినవారు అను మాట మీద సంఘము నిలిచియున్నదా? ఆ వెండిలో ఒకని వాటా పెద్దది కాదు, ఒకని వాటా చిన్నది కాదు. అట్లుండగా ముందు వచ్చిన కుటుంబమునకు ముందు బల్ల, నిన్న వచ్చిన కూలి కుటుంబమునకు గుమ్మము ప్రక్కన చాప అనుట ఎట్లు? పొరుగు రాష్ట్రములో బ్రతుకు కొరకు వచ్చిన మనమే వచ్చినవారిని పరదేశులుగా చూచిన యెడల, మన కొయ్య క్రింద ఉన్నది అదృష్టదేవత నాణెమే గాని విమోచన వెల కాదు.

1986 జనవరిలో గలిలయ సముద్రపు నీళ్లు కరవువలన తగ్గినప్పుడు, గిన్నోసరు తీరపు బురదలో సుమారు 2,000 ఏండ్ల నాటి పడవ యొకటి దొరికెను. సుమారు 27 అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. అది పాతబడినప్పుడు దాని యజమానులు పనికివచ్చు భాగములను ఊడదీసికొనిరి. కొయ్య అడుగును పట్టు దిమ్మను కూడ తీసికొనిరి. పడవ అడుగు చెక్కలు మిగిలినవి. నేడు అది ప్రదర్శనశాలలో భద్రముగా ఉన్నది, ప్రజలు వచ్చి చూచుచున్నారు. అడుగు దిమ్మను పోగొట్టుకొనిన సంఘము కూడ చాలకాలము చూడదగినదిగా ఉండవచ్చును.

త్రాళ్లు రెండు వైపుల

అడుగు కూర్చుండిన తరువాత లేపువారు వెంటనే లేపరు. మొదట తలయెత్తి ఆకాశము వైపు చూతురు. ఇప్పటి చిన్న పడవల కొయ్యలలో అనేకము అల్యూమినియముతో చేయబడినవి. పైనున్న విద్యుత్తు తీగను కొయ్య తాకగా ప్రాణములు పోయిన సందర్భములున్నవి. పని చేయు ఉత్సాహము మంచిదే. తల వంచుకొని చేయు ఉత్సాహము చంపును. సంఘములో ఏ పనియైనను ఆరంభింపకముందు మోకాళ్లూని పైకి చూచువారు ధన్యులు.

తరువాత ఇరుప్రక్కల త్రాళ్లను, వెనుక త్రాడును ముందుగానే తగిలించి, మెలికలు లేకుండ చూతురు. అప్పుడు ఒకడు కొయ్యను భుజముతో ఎత్తుచు ముందుకు నడుచును. మరియొకడు ముందునుండి త్రాడు లాగును. కొయ్య పండుకొనియున్నప్పుడే లేపుట మిక్కిలి కష్టము. అప్పుడు ముందునుండి ఎంత లాగినను ఆ లాగుడు కొయ్య వెంబడి పోవునే గాని దానిని పైకి ఎత్తదు. అందుచేత భుజము పెట్టువాడు కావలెను, లేక త్రాటిని ఎత్తి పట్టుటకు పొట్టి వాసమొకటి నిలుపవలెను. సగము లేచిన తరువాత పని సులువగును. అనేకులు మొదటి మూడడుగుల యెత్తునకే విసిగి విడిచిపెట్టుదురు.

మన సంఘములలో నేడు ఉన్న బాధ ఇదే. పెద్దలు ఒక వైపు, యౌవనస్థులు ఒక వైపు. తెలుగు మానిన యెడల సంఘము పోవునని పెద్దలు. తెలుగు అర్థము కాదు, కన్నడములోనో తమిళములోనో ఒడియాలోనో మరాఠీలోనో ఆంగ్లములోనో ఆరాధించెదమని పిల్లలు. ఈ మాట మీద సంఘములు చీలిన స్థలములు కూడ ఉన్నవి. దీనిని గూర్చి మేము తేటగా చెప్పగోరుచున్నాము. తెలుగు మన కొయ్యకు అడుగు కాదు. అడుగు క్రీస్తే. మరియొక పునాది వేయ నెవనికిని అధికారము లేదని పౌలు కొరింథీయులకు బోధించెను. కాని తెలుగు వెనుకనుండి పట్టు త్రాడు. పొరుగువాని భాష ముందునుండి పట్టు త్రాడు. వెనుక త్రాడు కోసిన యెడల కొయ్య ముందుకు కూలును. ముందు త్రాడు కోసిన యెడల వెనుకకు కూలును. త్రాటిని అడుగని పిలుచువాడు తప్పుచున్నాడు. త్రాడే కదా అని కోయువాడును తప్పుచున్నాడు.

నాయనమ్మ మంచము మీద పడి, తెలుగులో ప్రార్థన చేయుచు మనుమని తలమీద చెయ్యి పెట్టినది. తాను పొందిన ఆశీర్వాదములో ఒక్క మాటయైనను ఆ మనుమనికి తెలియలేదు. ఇట్టి యిండ్లు మన మధ్య ఎన్ని? ఆమె పోయిన తరువాత ఆ ప్రార్థనను వానికి ఎవరు తిరిగి చెప్పగలరు? అట్లే ఆ మనుమని స్నేహితుడు గుడి గుమ్మమువరకు వచ్చి, తనకు తెలిసిన భాషలో ఒక్క వాక్యమైనను వినబడక తిరిగి పోయినాడు. వాని ఆత్మ వెల తక్కువయా?

కాబట్టి అక్కలారా, అన్నలారా, ప్రతి ఆదివారము సండేస్కూలులో అరగంట తెలుగు అక్షరములు నేర్పుడి. నేర్పు పని ముసలివారికి అప్పగించుడి, వారు సంతోషముతో చేయుదురు. యౌవనులారా, పెద్దలు చదివిన వాక్యభాగమునే ఆ ఊరి భాషలో మీరు నిలువబడి చదువుడి. ఒకరు భుజము పెట్టగా ఒకరు త్రాడు లాగుడి. ప్రక్కత్రాళ్లుగా ఇంటి ప్రార్థనయు, సంఘ సహవాసమును ఉండనియ్యుడి. కొయ్య ఊగునప్పుడు పట్టునవి అవియే.

నిలిపినది తెరచాప కొరకే

యెషయా చెప్పిన కడవరి లోపము మరువకుడి. తెరచాప విచ్చుకొనలేదు. కొయ్యను నిలిపి, త్రాళ్లు బిగించి, రంగు వేసి, జూబిలీ ఫలకము తగిలించి, తెరచాపను మూటకట్టియే ఉంచిన సంఘమున్నదా? కొయ్య తనకు తాను పడవను నడపదు. గాలి నడపును. కొత్త నిబంధన గ్రీకు భాషలో గాలికిని ఆత్మకును మాట ఒక్కటే. యోహాను సువార్త 3వ అధ్యాయములో ప్రభువు నీకొదేముతో ఆ మాటతోనే బోధించెను.

మన చరిత్రయే సాక్ష్యము. ఒరిస్సాలో సేవచేయుచుండిన ఆమోస్ సట్టన్ దొరగారు తెలుగువారి కొరకు అమెరికా బాప్టిస్టులను వేడుకొనిరి. ఆ పిలుపు విని సామ్యూల్ డే దొరగారు తెరచాపల ఓడనెక్కి 1836లో కలకత్తా చేరిరి. విశాఖపట్టణము, శ్రీకాకుళము, మద్రాసు, తుదకు 1840లో నెల్లూరు. నాలుగు చోట్ల కొయ్య దించి నిలిపిన ప్రయాణమది. చూడుడి, మనకు సువార్త రావలెనని వేడుకొనినవాడు ఒడియా ప్రజల మధ్య ఉన్న మనుష్యుడు! ఇప్పుడు ఒడిశాలో ఉన్న తెలుగు సంఘము ఒడియా పొరుగువానికి ఏమి బాకీయున్నదో ఎవరును చెప్పనక్కరలేదు.

సంఖ్యాకాండము 10వ అధ్యాయములో ఒక క్రమమున్నది. స్తంభములు మోయువారు ముందుగా బయలుదేరుదురు. పరిశుద్ధ వస్తువులను మోయు కహాతీయులు తరువాత వత్తురు. వారు వచ్చులోగా ముందు వచ్చినవారు గుడారమును నిలిపియుంచుదురు. మనము ముందు వచ్చినవారము. మన వెనుక మన బిడ్డలు వచ్చుచున్నారు. వారు వచ్చులోగా నిలిపియుంచుట మన పని.

మనము ప్రార్థించుదము: కృపగల తండ్రీ, మా పితరులు వంగి దాటిన వంతెనలన్నిటి క్రింద నీవు వారితో ఉంటివి. నీకు వందనములు. మా అడుగును నీ కుమారుని రక్తము మీద స్థిరపరచుము. సడలిన మా త్రాళ్లను బిగించుము. వృద్ధుల చేతులను యౌవనుల చేతులను ఒక్క పనికి కూర్చుము. నీ ఆత్మ విసరు దినమున మా తెరచాప విప్పియుండునట్లు కృప దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.